తెల్లదొర కట్టిన గోడ

రాత్రి షిఫ్టు దిగి ఆయన ఇంటికి వచ్చే వేళకు ఆమె పెరటి తలుపు తీసి, చీపురు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేది. చూసినవాళ్ళకు మొగుణ్ణి కొట్టడానికి కాచుకుని ఉందేమో అనిపించేది. పక్క క్వార్టరావిడ ఆ మాటే అని నవ్వేది కూడా. ఆయన బయటే చేతులు చాచి నిలబడితే, భుజాల మీద నుంచి, వీపు మీద నుంచి, ప్యాంటు మడతల్లోంచి ఆమె తెల్లపొడి దులిపేది. కనుబొమ్మలు మాత్రం ఆయనే తుడుచుకునేవాడు. ఆ తర్వాత స్నానం, నాలుగు ముద్దల అన్నం, పడక. ఆయన తల దిండుకు ఆనిందంటే ఇక ఇల్లంతా గొంతు తగ్గించుకోవలసిందే. కుక్కరు కూత పెట్టకూడదు. గిన్నె గిన్నెకు తగలకూడదు. కుళాయి కింద బకెట్టులో గుడ్డ వేసి నీళ్ళు పట్టాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో పగలు పడుకునేవాళ్ళు లేరు. కుక్కరు ఎంత కూసినా అడిగేవాళ్ళు లేరు. అయినా ఆమె గిన్నెలు చప్పుడు కాకుండానే బోర్లిస్తోంది. గడియకు వేలు అడ్డం పెట్టి తలుపు వేస్తోంది. పొద్దున్నే పెరటి తలుపు తీయడం మాత్రం మానేసింది. తీస్తే ఎవరికోసం తీసినట్టు?

"అమ్మా, ఎందుకే ఆ గుసగుసలు? గట్టిగా మాట్లాడు, ఒక్క ముక్క వినపడట్లేదు" అని ఫోన్లో కూతురు విసుక్కుంటుంది. వేరే ఊళ్ళో ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది ఆ పిల్ల. తల్లిని తన దగ్గరికి వచ్చేయమని రోజూ పోరుతోంది. రాక తప్పదు కూడా. క్వార్టరు కంపెనీది. పనిచేసే మనిషి పోయాక అందులో ఉండే హక్కు ఉండదు.

ఇల్లు వదలడం గురించి ఆమెకు పెద్ద దిగులు లేదు. ఉన్న దిగులంతా ఒక గోడ దగ్గర ఆగిపోయింది.

క్వార్టర్ల సూపర్‌వైజరు వచ్చి చెప్పిన రోజు నుంచి మొదలైంది అది. మనిషి చెడ్డవాడు కాదు. చెప్పులు బయట విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా, గది మధ్యలో ఉన్న గోడనే చూస్తూ మాట్లాడాడు.

"ఏమీ అనుకోకండమ్మా. ఇచ్చినప్పుడు ఇది ఒకటే పొడుగు గది. ఇచ్చినట్టే తిరిగి అప్పజెప్పాలి. ఈ గోడ కంపెనీ కట్టింది కాదు కదా."

"ఆయన కట్టుకున్నాడు బాబూ. అప్పటి సూపర్‌వైజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు."

"నేను కూడా ఊరుకునేవాణ్ణే. కానీ రేపు వచ్చేవాళ్ళు నా మీద ఫిర్యాదు పెడితే?" తల గోక్కున్నాడు. "ఒక పని చేద్దాం. ఈ ఇల్లు మీ ఆయన చేసిన బెల్టు సెక్షన్‌కే కొత్తగా వచ్చినాయనకు ఇచ్చారు. బుధవారం భార్యాభర్తలు వచ్చి చూసుకుంటారు. గోడ ఉండనీ అని వాళ్ళు నోటితో అంటే నాకేం అభ్యంతరం లేదు. వద్దంటే మాత్రం మీరే కొట్టించి, మట్టి ఎత్తించి వెళ్ళాలి."

ఆమె తల ఊపింది. సూపర్‌వైజరు వెళ్ళాక లోపలికి వచ్చి గోడకు వీపు ఆనించి కూర్చుంది. వీపుకు చల్లగా తగిలింది. బయట ముసురు పట్టి ఉంది.

ఆ గోడ సంగతి చెప్పాలంటే ఆయన పని సంగతి చెప్పాలి.

ఆయన పని పొగ కడిగే చోట. పెళ్ళైన కొత్తలో ఆమెకు ఆ మాటే అర్థం కాలేదు. "పొగని ఎవరైనా కడుగుతారా?" అని అడిగితే, "నువ్వు బట్టలు ఉతకట్లా? నేను పొగ ఉతుకుతాను" అన్నాడు. తర్వాత అన్నం తింటూ తింటూ కంచంలో వేలితో గీసి చూపించాడు. కరెంటు కోసం బొగ్గు కాలుస్తారు. ఆ పొగలో గంధకం ఉంటుంది. అలాగే వదిలేస్తే మనుషుల ఊపిరికీ చేటు, చేలకూ చేటు. అందుకని పొగగొట్టంలోకి పంపే ముందు ఆ పొగని ఒక ఎత్తైన బురుజులోకి తోలి, పైనుంచి సున్నపురాయి పిండి కలిపిన నీళ్ళు వానలాగా కురిపిస్తారు. గంధకాన్ని ఆ నీళ్ళు పట్టేసుకుంటాయి. పొగ శుభ్రపడి పైకి పోతుంది. అడుగున బురద మిగులుతుంది. ఆ బురదే జిప్సం.

ఆయన ఉండేది ఆ బురద దగ్గర. కదిలే గుడ్డ బెల్టు మీద బురద పరుచుకుంటూ వస్తుంటే అడుగు నుంచి పంపులు నీళ్ళు పీల్చేస్తాయి. దారి మధ్యలో మంచినీళ్ళు చల్లి అందులోని ఉప్పు కడిగేస్తారు. బెల్టు చివరికి వచ్చేసరికి తెల్లటి పెచ్చులా విరిగి కింద పడుతుంది. దాన్ని లారీలకెత్తి బోర్డుల ఫ్యాక్టరీకి పంపుతారు. అక్కడ దానితో ఇంటి పైకప్పుల కింద బిగించే పలకలు చేస్తారు.

ఆ పెచ్చుని పనివాళ్ళంతా కేకు అంటారు. చిన్నప్పుడు కూతురు ఆ మాట విని, నాన్న రోజూ కేకులు చేసి ఎవరికో పెట్టేస్తున్నాడని అలిగి అన్నం మానేసింది. "మా నాన్న తెల్లగా అయిపోయి వస్తాడు, అదంతా కేకు పిండే" అని వీధిలో పిల్లలకు చెప్పుకుంది. ఆయన ఒకరోజు నిజం కేకు కొనుక్కొచ్చి దాని ముందు పెట్టి, "ఇదిగో, ఇవాళ దొంగతనంగా పట్టుకొచ్చా, ఎవరికీ చెప్పకు" అన్నాడు. పిల్ల ఆ రహస్యం చాలాకాలం దాచింది.

కాలనీలో ఆయన్ని తెల్లదొర అనేవారు. నల్లటి మనిషి. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు మాత్రం తల వెంట్రుక నుంచి బూటు తాడు దాకా తెలుపే. "దొరగారు వేంచేస్తున్నారు, దారి ఇవ్వండ్రా" అని టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన కూడా దొరలాగే చెయ్యి ఊపి, "ఊఁ, కూర్చోండి కూర్చోండి, టీ డబ్బులు మాత్రం మీరే ఇచ్చుకోండి" అనేవాడు.

ఎక్కడికి వెళ్ళినా పైకి చూసే అలవాటు ఆయనకి. బట్టల షాపులో ఆమె చీర చూస్తుంటే ఆయన పైకప్పు చూసేవాడు. బ్యాంకులో వరసలో నిలబడి పైకప్పు చూసేవాడు. అందేంత ఎత్తులో పలక ఉందంటే వేలి ముడితో టకటకా కొట్టి, చెవి ఒగ్గి, "మనదే" అనేవాడు.

"మీదేనని దాని మీద రాసి ఉందా? పదండి, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. పొగలో పోవాల్సింది నీ నెత్తి మీద నీడగా నిలబడింది. చూస్తే తప్పేముంది?"

ఆయన పోయిన రోజు కూడా ఆమె పైకే చూసింది. పగటి షిఫ్టుకు వెళుతూ, బస్సు కోసం నిలబడ్డ చోటే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడని కబురు వచ్చింది. ఆసుపత్రికి పరిగెత్తింది. అప్పటికే అయిపోయిందట. డాక్టరు ఏదో చెబుతున్నాడు. పక్కనున్నవాళ్ళు చెయ్యి పట్టుకున్నారు. ఆమె మాత్రం తలెత్తి నడవాలోని తెల్ల పలకల్ని, ఒకదాని పక్కన ఒకటి చివరిదాకా చూస్తూ ఉండిపోయింది. వీటిలో ఆయనవి ఏవో. ఏ లారీలో ఏ ఊరికి పోయాయో, ఎవరి నెత్తి మీద ఉన్నాయో ఎవరు చెబుతారు? అన్నేళ్ళు చేసిన చేతిపని ఎక్కడెక్కడికో చెల్లాచెదురైపోయింది. ఇదిగో ఇది ఆయన చేసింది అని వేలు పెట్టి చూపించడానికి మిగిలింది ఇంట్లో ఆ ఒక్క గోడే.

అది కట్టడానికి కారణం కూతురి బడిలో టీచరమ్మ.

ఉన్నదొక్కటే పొడుగు గది. ఒక చివర పొయ్యి, ఇంకో చివర మంచం. ఆయన పగలు పడుకుంటే తల్లీకూతుళ్ళు పెదాలతోనే మాట్లాడుకునేవారు. కూతురికి మాటలు వచ్చిందే గుసగుసల్లో. ఏడుపు వస్తే పెరట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చేది. బడిలో చేరాక టీచరమ్మ పిలిపించి, "ఏమండీ, మీ పాపకి గొంతులో ఏమన్నా ఇబ్బందా? పద్యం చెప్పమంటే చెవి దగ్గరికొచ్చి చెబుతోంది" అంది. ఆమె నవ్వేసింది. ఆయన నవ్వలేదు. ఇంటికి వచ్చి గది మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. అడుగులు వేసి కొలిచాడు.

"ఇక్కడ గోడ పెడతాను. మీరు అరుచుకున్నా నాకు వినపడకూడదు" అన్నాడు.

ఆ రోజుల్లోనే ప్లాంటులో ఉప్పు కడిగే నీళ్ళ పంపు పాడైంది. అది బాగయ్యేదాకా వచ్చిన కేకంతా ఉప్పు కేకే. ఉప్పు ఉంటే పలకకి కాగితం అంటదు, చెమ్మ పట్టి ఊడిపోతుంది. అందుకని ఫ్యాక్టరీవాళ్ళు తీసుకోరు. అదంతా యార్డులో గుట్ట పోశారు. కావలసినవాళ్ళు పట్టుకుపోండి అన్నారు. మంచి కేకులోంచి పిడికెడు కూడా ఆయన ఏనాడూ ఇంటికి తేలేదు. గుట్టలోది మాత్రం సైకిలు వెనక బస్తాలతో మోశాడు.

పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, వెడల్పాటి ఇనప మూకుడులో దాన్ని వేయించాడు. జిప్సంలో దాగి ఉన్న నీళ్ళు నిప్పుకి ఆవిరైపోతాయి. పిండిలా అవుతుంది. మళ్ళీ నీళ్ళు కలిపితే చూస్తుండగానే రాయిలా గట్టిపడుతుంది. ఆయనకి ఆ సంగతి తెలుసు. నీళ్ళని తరిమే నిప్పు ఉప్పుని మాత్రం తరమదా అనుకున్నాడు. అక్కడే పొరపాటు పడ్డాడు. రోజంతా బెల్టు పక్కన నిలబడి ఉప్పు కడిగించే మనిషి, తన ఇంటి గోడ దగ్గరికి వచ్చేసరికి కడగడం మరిచి కాల్చడం మీద నమ్మకం పెట్టుకున్నాడు.

గోనె పీచు కలిపి, చెక్క చట్రాల్లో పోసి, పలకలు తీసి ఎండబెట్టాడు. ఆమె మూకుడు తిప్పింది. పిల్ల చట్రాలకు నూనె రాసింది. ముగ్గురి చేతులూ ఉన్నాయి ఆ గోడలో. చెక్క కమ్మీలకు రెండు వైపులా పలకలు బిగించి, మధ్యలో పాతబట్టలు కుక్కి, సందులు పూడ్చి, ఒక పక్కన తలుపు పెట్టి, పెద్దమనిషిలా చేతులు కట్టుకుని నిలబడి, "ఏదీ, ఇప్పుడు తిట్టవే నన్ను, వినపడుతుందేమో చూస్తా" అంటూ అవతలికి వెళ్ళాడు.

ఆమె తిట్టలేదు. తిట్టు నోటికి రాలేదు. పిల్ల మాత్రం ఊపిరి పీల్చుకుని "నాన్నా, నువ్వు గురక పెడతావ్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ పిల్లకి అంత గొంతు ఉందని ఆ రోజే తెలిసింది. అవతల నుంచి జవాబు లేదు. తొంగి చూస్తే ఆయన నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు. పిల్ల గొంతు ఆ రోజు నుంచి విచ్చుకుంది కానీ, ఆమెకు మాత్రం గుసగుసల అలవాటు పోలేదు.

మొదటి వానకు గోడ చెమర్చింది. ఆయన అరచెయ్యి ఆనించి, నాలుకకు తాకించుకున్నాడు. "ఉప్పే. నిప్పుకి లొంగలేదు" అన్నాడు. కూల్చి మళ్ళీ కడతానన్నాడు. ఆమె వద్దంది. "మాట ఆగుతోంది కదా, చాలు. చెమ్మ నేను తుడుచుకుంటా." అప్పటి నుంచి ప్రతి వానాకాలం పొద్దున్నే పొడిగుడ్డతో గోడ తుడవడం ఆమె పనుల్లో ఒకటైపోయింది. ముసురు విడిచాక దాని మీద సన్నటి తెల్లపూత లేస్తుంది. దాన్ని మెత్తటి చీపురుతో రాలుస్తుంది. తుడిచిన గోడ కొత్తగా వచ్చినవాళ్ళకు మంచి గోడలాగే కనపడుతుంది.

ఇప్పుడు ఆమెకు కావలసింది కూడా అదే. బుధవారం ఒక్క పూట అది మంచి గోడలా కనపడాలి.

"గోడ కోసం ఇంత బాధేంటమ్మా? కొట్టించెయ్. నాన్న ఆ గోడలో లేడు" అంది కూతురు ఫోన్లో.

"లేడని తెలుసే. ఉన్నాడని ఎవరన్నారు?"

"మరి?"

"కొట్టేటప్పుడు చప్పుడవుతుంది" అంది ఆమె. అటునుంచి కూతురు ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

మంగళవారం మధ్యాహ్నం మైకు మరిది వచ్చాడు. ఆయనతో ఏళ్ళ తరబడి షిఫ్టు మార్చుకున్న మనిషి. ఆయన దిగితే ఇతను ఎక్కాలి, ఇతను దిగితే ఆయన ఎక్కాలి. పంపుల హోరులో అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయింది. అందుకే మైకు. ఆమెను వదినా అంటాడు. బీరువా కట్టిపెట్టడానికి సాయం వస్తానని మాట ఇచ్చి, తాడు భుజాన వేసుకుని వచ్చాడు.

ఆమె అప్పటికే సున్నం డబ్బా, కుంచె తెప్పించి గోడ పక్కన పెట్టుకుని ఉంది.

"ఏంటి వదినా, వెళ్ళిపోయే ముందు వెల్ల వేయిస్తున్నారా? వచ్చేవాళ్ళు మీకేమన్నా చుట్టాలా?"

"కొంచెం బాగా కనపడాలని. రేపు పొద్దున్నే తుడిచేసి, తడి ఆరగానే పల్చగా ఒక పూత వేస్తే వాళ్ళు వచ్చేసరికి..."

మైకు గోడ మీద చెయ్యి పెట్టి తీశాడు. అరచేతిలో తడి మెరిసింది. ప్యాంటుకి తుడుచుకున్నాడు. తాడు ముడి వేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు.

"అన్న నన్ను కొట్టబోయాడు ఒకసారి. మీకు చెప్పాడా?"

"ఆయనా? కొట్టడమా?"

"కొట్టలేదులెండి. పార మాత్రం ఎత్తాడు. నేను కొత్త. నా షిఫ్టులో నీళ్ళు లాగే పంపు సరిగ్గా పీల్చక కేకు పెరుగన్నంలా పడుతోంది. అన్న వచ్చే టైమవుతోంది. సిగ్గేసి, బెల్టు గుడ్డంతా గొట్టంతో కడిగేసి, తళతళా మెరిపించి పెట్టా. మెచ్చుకుంటాడనుకున్నా వదినా, నిజంగా! ఆయన వచ్చాడు, గుడ్డ చూశాడు, నన్ను చూశాడు. 'కేకేదిరా?' అన్నాడు. 'కడిగేశా అన్నా, శుభ్రంగా ఉంది' అన్నా. అంతే."

"ఏమన్నాడు?"

మైకు గొంతు మొదటిసారి తగ్గింది. "'కడిగిన గుడ్డ చూపిస్తే నాకేం తెలుస్తుందిరా? నీ కేకు చూపించు. బాగోకపోతే తిడతాను, తిట్టి బాగుచేస్తాను. దాచిపెట్టి ఇస్తే నేను దేన్ని బాగుచెయ్యను?' అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అదే పద్ధతి. దిగేవాడు బెల్టు కడగకూడదు. ఎక్కేవాడు వచ్చి, ఉన్నదున్నట్టు చూసి, పిడికిట్లో నొక్కి, తిట్టాల్సింది తిట్టాక ఇద్దరం కలిసి కడిగేవాళ్ళం. సెక్షన్ మొత్తం ఇప్పుడు అదే పాటిస్తుంది. మొదట్లో నేను తిట్లు తిన్నంత అన్నం తినలేదు."

"నాకు ఎప్పుడూ చెప్పలేదు."

"ఇంటికొచ్చాక ఆయనకి మాట్లాడే టైమెక్కడ? పడుకోవడమేగా." బీరువా చుట్టూ తాడు బిగించి, చివర లాగి చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు. గోడ గురించి అతను ఒక్క మాట కూడా అనలేదు.

ఆమె సున్నం డబ్బా మూత తీసింది. కొంచెంసేపు చూసి మళ్ళీ మూత పెట్టింది. పెరటి తలుపు తీసి, డబ్బాను, కుంచెను పక్క క్వార్టరావిడకు ఇచ్చేసి వచ్చింది.

బుధవారం పొద్దున్న కూడా ముసురు వదల్లేదు. గోడ నిండా చెమ్మ సన్నటి బొట్లు కట్టి ఉంది. ఒక మూల నుంచి చిన్న ధార జారి నేల దాకా వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి పొడిగుడ్డను అందుకుంది. అందుకుని, మడిచి, మళ్ళీ మేకుకు తగిలించింది. ఇలా చూశారంటే వాళ్ళు వద్దంటారు. వద్దంటే సుత్తి మనిషిని పిలవాలి. ఆ చప్పుడు వినాలి. అంతా తెలిసే గుడ్డ తగిలించింది.

వాళ్ళు గొడుగు ఒకటే ఇద్దరికీ పట్టుకుని వచ్చారు. మొగుడు బొగ్గు యార్డు నుంచి బెల్టు సెక్షన్‌కి మారిన మనిషి. గోళ్ళ అంచుల్లో ఇంకా నలుపు ఉంది. భార్య కడుపుతో ఉంది. నడుము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా మెట్టెక్కింది.

"రా అమ్మా, జాగ్రత్త, గడప తడిగా ఉంది."

"మీరేనా అక్కా తెల్లదొరగారి..." అని ఆ అమ్మాయి ఆగిపోయింది.

"ఆఁ. నేనే."

వచ్చినాయన గోడ ముందు ఆగాడు. వేలితో గీస్తే తడిలో గీత పడింది. "ఇదేంటండీ, గోడ చెమట పట్టింది?"

ఆమె మొత్తం చెప్పింది. ఉప్పు కేకు, మూకుడు, నిప్పు మీద తన మనిషి పెట్టుకున్న నమ్మకం, మొదటి వాన, అన్నీ. ఎండాకాలం బాగానే ఉంటుందని చెప్పింది. వానాకాలం రోజూ తుడవాలని చెప్పింది. తడిగుడ్డ పెట్టకూడదు, పొడిగుడ్డే పెట్టాలని చెప్పింది. ఆరాక పొడి రాలుతుందని, దాని పక్కన బట్టల మూటలు పెట్టకూడదని చెప్పింది. ఇన్ని మాటలు వరసగా మాట్లాడి ఎన్నాళ్ళైందో.

"అయితే కొట్టించేద్దాంలే" అన్నాడాయన భార్యతో. "పుట్టే బిడ్డ పక్కన ఈ ఉప్పుగోల ఎందుకు?"

ఆమె నేల వైపు చూసింది. సరే అనాలి. నోరు తెరవబోయింది.

"ఉండండి మీరు" అంది ఆ అమ్మాయి. "అక్కా, అసలు ఎందుకు కట్టారు దీన్ని?"

"పగలు నిద్ర కోసమమ్మా. మా పిల్ల గుసగుసల్లోనే పెరిగిందని."

ఆ అమ్మాయి మొగుడి వైపు తిరిగింది. "మీకూ రాత్రి షిఫ్టులేగా ఇక నుంచి?"

"ఆఁ, అయితే?"

"అవతలికి వెళ్ళి పడుకోండి."

"ఇప్పుడా? మంచం కూడా లేదు."

"నిలబడి కళ్ళు మూసుకోండి చాలు. వెళ్ళండంటే!"

ఆయన గొణుక్కుంటూ అవతలికి వెళ్ళాడు. ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వేసి, ఆమె దగ్గరికి జరిగి, మామూలు గొంతుతో మొదలుపెట్టింది. "అక్కా, మా ఆయన సంగతి మీకు తెలీదు. చీమ తుమ్మినా లేస్తాడు. లేచాడా, ఇక ఆ రోజు ఇల్లు ఇల్లు కాదు. మా అత్త పోలికే. మూతి ముడిచాడంటే ఉట్టికి వేలాడేసిన బూడిదగుమ్మడికాయలా ఉంటాడు."

ఆమెకు నవ్వు వచ్చింది. ఆయన పోయాక అదే మొదటి నవ్వు. అది దగ్గులా బయటికొచ్చింది. అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"విన్నారా ఏమండీ?" అని ఆ అమ్మాయి తలుపు తీసింది.

"ఏంటి? మొదలుపెట్టలేదా ఇంకా?" అన్నాడాయన, నిజంగానే కళ్ళు మూసుకుని నిలబడి.

ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అరచేతిని తడి గోడకు ఆనించి కొంచెంసేపు ఉంచింది. "గోడ ఉండనీండి. బిడ్డ ఏడవాలి కదా, కడుపునిండా ఏడవనీ. ఈ వానాకాలం చూద్దాం. పడకపోతే అప్పుడు కొట్టించుకుందాం, మన చేతుల్లో పనేగా."

"తుడిచేది నువ్వేగా?"

"మీరే. పొడి చల్లుకొచ్చేదీ మీరేగా."

ఆయన గోడ వైపు, భార్య వైపు చూసి, ఒప్పుకున్నట్టు చేతులు దులుపుకున్నాడు. సాయంత్రం సూపర్‌వైజరుకి తనే చెబుతానన్నాడు. ఆయన కూడా ఒకసారి వచ్చి చూసుకుంటాడు కదా అన్నాడు.

వెళ్ళబోతూ ఆ అమ్మాయి మేకుకున్న గుడ్డ చూసింది. "అక్కా, మీకెందుకు శ్రమ, నేను తుడిచి వెళ్ళనా? నేలంతా కారుతోంది."

"వద్దమ్మా" అంది ఆమె. ఈసారి గొంతు గట్టిగానే వచ్చింది. "ఇవాళ తుడవొద్దు. సాయంత్రం సూపర్‌వైజరు కూడా ఉన్నదున్నట్టే చూడనీ."

వాళ్ళ గొడుగు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. లోపలికి వచ్చి గోడ ముందు కింద కూర్చుంది. బొట్టు మీద బొట్టు చేరి, బరువెక్కి, జారుతోంది. ఆ అమ్మాయి అరచెయ్యి అచ్చు అక్కడే ఉంది, దాని అంచుల్లో మళ్ళీ చెమ్మ ఊరుతోంది. గుడ్డ మేకు మీదే ఉంది. చేతికి అందే దూరమే. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు నేల మీద తమ దారి తాము చూసుకుంటుంటే, అలాగే కూర్చుంది.